షాపులో చూసిన బొమ్మ ఇంటికి రావడం లేదు

సంపాదకుల వారికి నమస్కారములు.

2025లో దసరా నుంచి దీపావళి దాకా మా తెనాలిలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణం ముందు చూసినా నిలువెత్తు అట్టపెట్టెలు, వాటిని ఆటోలో పడుకోబెట్టవచ్చా, నిలబెట్టే తీసుకెళ్లాలా అని వాదులాడుకునే కుటుంబాలు కనిపించాయి. సెప్టెంబరు 22న, అంటే నవరాత్రులు మొదలైన రోజునే, 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, అంతకుముందు అద్దాల వెనక చూసి నిట్టూర్చి వచ్చేసిన అల్ట్రా హెచ్‌డీ టీవీలు, జనం నోట పలికే పేరుతో చెప్పాలంటే 4కే టీవీలు, మధ్యతరగతి ఇళ్ల ముందు గదుల్లోకి వచ్చేశాయి. పత్రికల మొదటి పేజీ నిండా వాటి ప్రకటనలే. కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నవారు నాలుగు రోజులు చూశాక ఏమంటున్నారన్న మాట మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో టీవీలు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ని కాబట్టి ఆ మాట నా చెవికి తొందరగానే చేరుతుంది. ఈ పండగల తరువాత ‘కొత్త టీవీ పాడైంది, ఒకసారి వచ్చి చూడండి’ అని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువ చోట్ల టీవీకి ఏ జబ్బూ లేదు. షాపులో చూసిన బొమ్మ ఇంటికి రాలేదు, అంతే.

ఒక ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. విశ్రాంత ఉపాధ్యాయుడి ఇల్లు. ముందు గదిలో గోడకు 55 అంగుళాల కొత్త సెట్టు బిగించి ఉంది, చుట్టూ అంచుకు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు. నేను చెప్పులు విడిచేలోపే ఆ ఇల్లాలు, ‘అన్నయ్యగారూ, మా పాత డబ్బాలోనే ఆ అమ్మాయి ముఖం కళగా ఉండేదండీ, ఇందులో తడిగుడ్డతో అలికేసినట్టుంది’ అన్నారు. తెర మీద సాయంత్రం సీరియల్ నడుస్తోంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కథానాయిక కనుబొమలు నుదుటిలో కలిసిపోయాయి, పట్టుచీర జరీ అంచు పసుపు చారగా మిగిలింది, అడుగున పరుగెత్తే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు కదులుతున్నాయి, పైగా తెరను నింపడానికి బొమ్మను అడ్డంగా సాగదీయడంతో మనుషులంతా ఓ పది కిలోలు పెరిగినట్టున్నారు.

టీవీ వెనక చెయ్యి పెట్టి తడిమితే విషయం తెలిసింది. సెట్‌టాప్ బాక్సు నుంచి వస్తున్నది పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత ఏవీ వైరు. పాత టీవీ నుంచి పీకిన దాన్నే, కొత్త సెట్టుతో పాటు ఇచ్చిన చిన్న జాక్‌కు తగిలించి, బొమ్మ వచ్చింది కదా అని బిగించినవారు వెళ్లిపోయారు. ఆ వైరు గుండా హెచ్‌డీ బొమ్మ రాదు. దాన్ని అయిదు వేల టీవీకి గుచ్చినా అయిదు లక్షల టీవీకి గుచ్చినా 576 గీతల పాతకాలపు బొమ్మే వస్తుంది. బాక్సుతో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు కట్టు కూడా విప్పకుండా అలమారలో ఉంది. అది తీసి బిగించి, అదే చానెల్‌ను హెచ్‌డీ నంబరులో పెట్టాను. ముఖం తేటపడింది, జరీలో పోగులు కనిపించాయి, ఆమె సంతోషించారు. మాస్టారు మాత్రం సోఫాలో నుంచి లేవకుండా, ‘బాగానే ఉంది గానీ, షాపులో చూపించిన నెమలి ఇలా లేదండీ. దాని ఈకలు లెక్కపెట్టుకునేట్టు ఉన్నాయి. ఆ బొమ్మ ఎప్పుడొస్తుంది?’ అని అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదు గనుక, ఆయన లాగే ఆలోచిస్తున్నవారు ఇంకా చాలామంది ఉంటారు గనుక, మీ పత్రిక ద్వారా చెబుతున్నాను.

తెర మీది బొమ్మ చుక్కల ముగ్గు లాంటిది. చుక్కలు ఎన్ని పెడితే ముగ్గులో అంత సన్నపు పని పడుతుంది. మామూలు ఎస్‌డీ చానెల్ మనకు పంపేది అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600. ఇప్పుడు షాపులకు వచ్చిన అల్ట్రా హెచ్‌డీ తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400. భాగించి చూస్తే ఎస్‌డీ బొమ్మకు ఈ తెర సరిగ్గా ఇరవై రెట్లు. కనుక కేబుల్‌లో ఎస్‌డీ చానెల్ పెట్టినప్పుడు తెర మీద వెలిగే ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కటే స్టూడియో నుంచి వచ్చినది. మిగిలిన పందొమ్మిదింటినీ పక్క చుక్కల రంగు చూసి టీవీలోని చిప్పు ఊహించి నింపుతోంది. హెచ్‌డీ చానెల్ అయితే నాలుగింట ఒకటి నిజం, మూడు ఊహ. మన తెలుగు వినోద చానెళ్లలో పెద్దవి హెచ్‌డీలో దొరుకుతున్నాయి, వార్తా చానెళ్లలో చాలావరకు ఇంకా ఎస్‌డీలోనే ఉన్నాయి. మాస్టారు చూసిన నెమలి సంగతి వేరు. అది సెట్టు వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్‌లో నుంచో, సెట్టులోనే దాచిన ఫైలులో నుంచో వచ్చిన నిఖార్సైన 4కే బొమ్మ. 82 లక్షల చుక్కలూ కెమెరా పట్టినవే.

పాత డబ్బాలోనే ముఖం కళగా ఉండేదన్న ఆవిడ మాటను మాస్టారి కొడుకు నవ్వి తీసిపారేశాడు గానీ, అందులో కూడా న్యాయం ఉంది. పాత 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీలో ఆ 576 గీతలు అడుగు ఎత్తున్న తెరలో సర్దుకునేవి. ఆరడుగులు దాటి కూర్చున్నవారికి గీతకూ గీతకూ తేడా తెలిసేది కాదు. అవే గీతలను రెండడుగుల పైచిలుకు ఎత్తున్న 55 అంగుళాల తెర మీద పరిస్తే, ఆ అతుకులు కంటికి కనిపించకుండా ఉండాలంటే పదమూడు అడుగులు వెనక్కి జరగాలి. మన ఇళ్లలో అంత దూరం జరిగితే వంటింట్లో తేలతాము.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తున్నందుకు మన్నించాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారి కొట్లో ఎక్కువగా హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీలు ఉండేవి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది దూరదర్శన్ రంగుల్లోకి మారినా, రంగుల సెట్టు కొనే స్తోమత చాలా ఇళ్లకు చాలా ఏళ్లదాకా రాలేదు. అలాంటివారి కోసం బజారులో ఒక ప్లాస్టిక్ షీటు అమ్మేవారు, పై భాగం నీలం, అడుగు భాగం ఆకుపచ్చ. దాన్ని నలుపు తెలుపు తెర ముందు తగిలిస్తే ఆకాశం నీలంగానూ నేల పచ్చగానూ కనిపించేవి. వార్తలు చదివే ఆవిడ నుదురు నీలంగా, గడ్డం ఆకుపచ్చగా ఉండేది. అయినా ఇంటిల్లిపాదీ రంగుల టీవీ చూస్తున్నామనే అనుకునేవారు. ఎస్‌డీ సీరియల్‌కు పందొమ్మిది చుక్కలు నింపే నేటి చిప్పు ఆ షీటు కంటే వెయ్యి రెట్లు తెలివైనదే, కాదనను. కానీ అది కూడా పంపని దాన్ని చూపించే పనిలోనే ఉంది.

షాపులో బొమ్మకు మరో మెరుగు కూడా పెడతారు. కొత్త సెట్టును మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇది ఇంటికా, దుకాణానికా అని అడుగుతుంది. దుకాణం అని నొక్కితే వెలుగూ రంగూ ఉన్నంతలో పై మెట్టుకు వెళ్లిపోతాయి. నలభై ట్యూబులైట్ల కింద, పక్కపక్కనే పాతిక సెట్లు వెలుగుతున్న చోట నిలబడాలంటే అలా ఉండక తప్పదు, ఆ మేరకు దుకాణదారును తప్పుపట్టను. తప్పల్లా, సెట్టు బిగించడానికి వచ్చినవారు తొందరలో అదే మీట నొక్కి వెళ్లిపోవడం. నేను వెళ్లిన రెండిళ్లలో ఇదే జరిగింది. ఎంత తగ్గించినా కాసేపటికి వెలుగు మళ్లీ పెరిగిపోతోందని, తెర మీద దాని గొప్పలు చెప్పే అక్షరాలు వాటంతటవే ప్రత్యక్షమవుతున్నాయని పెద్దలు కంగారు పడుతుంటే, టీవీకి దయ్యం పట్టిందని పిల్లలు నవ్వుకుంటున్నారు. సెట్టింగుల్లోకి వెళ్లి ‘ఇల్లు’ అని మార్చితే దయ్యం వదిలింది. ఇది నవ్వుకుని ఊరుకోవలసిన సంగతి కాదు. రోజుకు ఎనిమిది గంటలు ఆ వెలుగులో నడిచిన సెట్టులో బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు, అంటే తెర వెనక వెలిగే దీపాల పట్టీలు, ముందుగానే మాడిపోయి, శబ్దం వస్తూ బొమ్మ రాని స్థితిలో అది నా బల్ల మీదికి వస్తుంది.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. నేను మాట్లాడిన కొనుగోలుదారుల్లో ఒక్కరికి కూడా దీని గురించి ఎవరూ చెప్పలేదు. మనిషి కంటికి ఒక హద్దు ఉంది. మామూలుగా చూపు బాగున్నవారు డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను సాధారణంగా విడివిడిగా చూడలేరు. కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల అట్టను కూడా ఈ లెక్కతోనే తయారుచేస్తారు. ఆ లెక్క ప్రకారం 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర ముందు ఏడడుగులు దాటి కూర్చుంటే చుక్కలు కలిసిపోతాయి. అక్కడి నుంచి చూసేవారికి అదే సైజు 4కే తెర చుక్కల పరంగా అదనంగా ఇవ్వగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. 43 అంగుళాలకు ఆ హద్దు అయిదున్నర అడుగులు, 65 అంగుళాలకు ఎనిమిదిన్నర. మాస్టారి ఇంట్లో టేపు పెట్టి కొలిచాను. గోడ నుంచి సోఫా తొమ్మిదడుగుల నాలుగు అంగుళాలు. షాపులో ఆయన నెమలిని చూసిన నడవ వెడల్పు నాలుగడుగులకు మించదు. కాబట్టి నెమలి ఫైలునే తెచ్చి ఆయన టీవీలో వేసినా, సోఫాలో కూర్చుని ఆ ఈకలు లెక్కపెట్టలేరు. లేచి తెరకు నాలుగడుగుల దూరం దాకా ముందుకు వచ్చి నిలబడాలి.

ఇంతవరకు చదివినవారు నేను ఈ టీవీలకు వ్యతిరేకినని అనుకోవచ్చు. కాను. మా మేనల్లుడి గదిలో పదడుగులకు పదడుగుల స్థలంలో 55 అంగుళాల 4కే సెట్టు ఉంది, మంచం గోడకు ఆరడుగుల దూరంలో ఉంటుంది, ఫైబర్ నెట్ ఉంది, కేబుల్ లేనే లేదు. వాడి ఇంట్లో ఆ సెట్టు తన జీతం తాను సంపాదించుకుంటోంది. 2015 ప్రపంచకప్ క్రికెట్ నాటికే మన దేశంలో డీటీహెచ్ కంపెనీలు 4కే బాక్సులు తెచ్చాయి గానీ, సామాన్యులకు 4కే క్రికెట్ రుచి తెలిసింది 2023లో ఐపీఎల్‌ను జియోసినిమా ఉచితంగా, 4కేలో కూడా చూపించినప్పుడే. బంతి మీది కుట్టు, పిచ్ మీది పగులు కనిపిస్తుంటే కుర్రాళ్లు వేసిన కేకలు నేను విన్నాను. ఆటల్లో, ఓటీటీలో వచ్చే కొత్త సినిమాల్లో, వీడియో గేముల్లో ఈ తెర గొప్పతనం నిజమైనదే, నేనూ కళ్లారా చూశాను. అయితే దానికి దారి ఖర్చు ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే బొమ్మ కావాలంటే నెలకు 649 రూపాయల ప్రీమియం ప్లాన్ తీసుకోవాలి, 15 ఎంబీపీఎస్ వేగం నిలకడగా ఉండాలి, గంటకు దాదాపు ఏడు జీబీ డేటా ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీల ఫోను ప్యాకును హాట్‌స్పాట్ పెట్టి టీవీకి ఇచ్చేవారికి పావుగంట దాటగానే ఆ రోజు కోటా అయిపోతుంది. షాపులో కొనేటప్పుడు టీవీ ధరతో పాటు ఈ నెలసరి ఖర్చు కూడా చెప్పేవారు ఉంటే ఎంత బాగుండును.

చుక్కల లెక్కలో పడి జనం పట్టించుకోని విషయం మరొకటి, వెలుగు. అట్టపెట్టె మీద ‘హెచ్‌డీఆర్’ అన్న మూడక్షరాల గుర్తు ఇప్పుడు లేని సెట్టు లేదు. దాని అర్థం, దీపం దీపంలా మెరవాలి, నీడలో ఉన్న ముఖం నీడలోనే తెలియాలి అని. తొమ్మిదడుగుల దూరం నుంచి కూడా కంటికి తెలిసే తేడా ఇదే. నన్నడిగితే 82 లక్షల చుక్కల కన్నా దీని విలువే ఎక్కువ. కానీ హెచ్‌డీఆర్ బొమ్మలను సాధారణంగా వెయ్యి నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే కొలత) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. పాతిక ముప్పై వేల ధరలో దొరికే సెట్ల వెలుగు మూడు వందల నిట్ల దగ్గర ఆగిపోతుంది. అలాంటి సెట్టు హెచ్‌డీఆర్ సంకేతాన్ని అందుకుంటుంది, చదువుకుంటుంది, చూపించలేదు. రాత్రి దృశ్యం వస్తే తెరంతా చీకటిగా ఉందని, కరెంటు వోల్టేజీ తక్కువేమో చూడమని నన్ను పిలిచినవారు ఉన్నారు. ఎన్ని అంగుళాలో, ఎన్ని సెంటీమీటర్లో, ఎన్ని చుక్కలో పెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చువేసే కంపెనీలు ఎన్ని నిట్లో మాత్రం చాలా సెట్ల మీద ఎక్కడా చెప్పవు.

ఇంకో ఫిర్యాదు వింటే నవ్వు వస్తుంది గానీ, తరచుగా వస్తున్నది. కొత్త టీవీలో సినిమా చూస్తే సినిమాలా లేదు, ఇంట్లో ఎవరో వీడియో తీసినట్టుంది, ఖరీదైన సెట్టింగు కాస్తా అట్టముక్కలుగా తెలిసిపోతోంది అంటున్నారు. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. కొత్త సెట్టు వాటి మధ్య తన ఊహతో మరికొన్ని బొమ్మలు చేర్చి కదలికను నున్నగా చేస్తుంది. క్రికెట్‌కు అది మేలు, సినిమాకు చేటు. పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న మాట ఉన్నచోట దాన్ని ఆపేస్తే సరిపోతుంది. కొన్ని సెట్లలో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని విడిగానే ఉంటుంది. ఇది చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది, ఇంటికి వచ్చిన షాపు కుర్రవాడికీ అంతే పట్టేది.

ధర విషయానికి వస్తే, పన్ను పది శాతం తగ్గింది కాబట్టి ధర కూడా పది శాతం తగ్గాలని, తగ్గలేదు కాబట్టి దుకాణదారు మింగేశాడని బజారులో ఒక మాట నడుస్తోంది. ఇందులో దుకాణదారు పక్షాన ఒక మాట చెప్పాలి. పన్ను కలవక ముందు 40,000 ఉన్న సెట్టు పాత పన్నుతో 51,200, కొత్త పన్నుతో 47,200. తగ్గింది 4,000, పాత ధరలో నూటికి ఎనిమిది రూపాయలకు కొంచెం తక్కువే. అంతకు మించి ఆశించడం లెక్క తప్పడమే. ఇక దుకాణదారుకు వ్యతిరేకంగా చెప్పవలసింది. పండగ రోజుల్లో నేను వెళ్లిన ఒక దుకాణంలో ‘జీఎస్టీ తగ్గింపు ధర’ అన్న ఎర్ర అట్టను 32 అంగుళాల సెట్ల మీద కూడా వేలాడదీశారు. ఆ సైజు మీద పన్ను 2019 జనవరి నుంచే 18 శాతం. 2025 సెప్టెంబరులో దానికి పైసా కూడా తగ్గలేదు. అడిగితే, ‘అన్నిటికీ ఒకే అట్ట వచ్చింది సార్’ అన్నాడు అక్కడి అబ్బాయి. ఆ అట్ట చూసి కొన్న కూలీ కుటుంబానికి ఆ జవాబు ఎవరు చెప్పాలి? తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేరుగా పట్టించుకుంటుంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఈ నంబరు దుకాణం గోడ మీద రాసి ఉండగా నేనైతే ఎక్కడా చూడలేదు.

మరమ్మతు చేసేవాడిగా నా సొంత బాధ ఒకటి చెప్పుకోకుండా ఉండలేను. పిక్చర్ ట్యూబు టీవీలో ఎల్‌ఓటీ (ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ అందించే ట్రాన్స్‌ఫార్మర్) పోయినా, ఐసీ పోయినా, చివరికి ట్యూబే బలహీనపడినా ఏదో ఒక ఉపాయం ఉండేది. పదిహేనేళ్లు నడిచిన సెట్లు నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి. ఈ పెద్ద తెరల్లో స్ట్రిప్పులు పోతేనో, బోర్డు పోతేనో బాగుచేయగలను. ప్యానెల్ పోయి నిలువు గీతలు పడ్డాయంటే మాత్రం దాని ధర విని కస్టమరు, ‘ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది కదండీ’ అంటాడు, నా దగ్గర జవాబు ఉండదు. తక్కువ ధర సెట్లలో ప్యానెల్ బాగానే ఉన్నా లోపలి మెమరీ చాలక మూడేళ్లకే యాప్‌లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది. దానికి టీవీ మార్చనక్కరలేదు, రెండు మూడు వేలలో దొరికే స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే చాలు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది. విడిభాగాల ధర, అవి ఎన్నేళ్లు దొరుకుతాయన్న మాట కొనేముందే తెలిసే రోజు వస్తేనే ఆ హక్కు తెనాలి దాకా వచ్చినట్టు.

8కే టీవీల గురించి ఎక్కువ చెప్పను. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే అనే ప్రసార సంస్థ 2018 డిసెంబరు 1న 8కే చానెల్‌ను మొదలుపెట్టింది, వారికి ఆ సెట్టుతో పని ఉంది. మూడు కోట్ల ముప్పై లక్షల చుక్కలున్న ఆ తెర మీద మన ఎస్‌డీ వార్తలు వేస్తే ఎనభై చుక్కల్లో ఒకటి నిజం.

ఇక నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. దుకాణాల్లో వరుసగా వెలిగే పాతిక సెట్లలో ఒక్కదానికైనా మామూలు కేబుల్ కనెక్షన్ ఇచ్చి, ‘ఇంటి’ వెలుగులో పెట్టి, ఎదురుగా తొమ్మిదడుగుల దూరంలో రెండు కుర్చీలు వేయమంటున్నాను. నెమలిని తీసేయమనడం లేదు, నెమలి పక్కన మన సీరియల్ కూడా నడవాలి. చూసినవాడు అయినా కొంటానంటే తెలిసి కొన్నట్టు అవుతుంది. కేబుల్ ఆపరేటర్లు కొత్త టీవీ కొన్న ఇంటికి వెళ్లి ఆ పసుపు పిన్ను వైరు తీసేసి హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే వారికి పోయేదేమీ లేదు, నాలుగు హెచ్‌డీ ప్యాకులు అదనంగా అమ్ముడవుతాయి కూడా. కరెంటు ఎంత కాలుస్తుందో చెప్పే నక్షత్రాల లేబుల్ పక్కనే ఎన్ని నిట్ల వెలుగో, సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లు ఇస్తారో రాసేట్టు ప్రభుత్వం కంపెనీలకు చెప్పవచ్చు. పాఠకులు టీవీ కొనడానికి వెళ్లేముందు సోఫాకూ గోడకూ మధ్య ఒక్కసారి టేపు పెట్టి ఆ అంకె చీటీ మీద రాసుకుని వెళ్లాలి. షాపులో అన్ని అడుగులు వెనక్కి జరిగి నిలబడి చూడాలి. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే వాకిట్లోకి వచ్చి చూసినా ఎవరూ ఏమీ అనుకోరు.

మాస్టారికి ఇదంతా చెప్పాక, ఇచ్చిన మా పాత డబ్బాను తిరిగి తెచ్చుకోవచ్చా అని ఆవిడ అడిగారు. దాన్ని ఎక్స్ఛేంజ్‌లో 1,500 రూపాయలకు లెక్కకట్టి తీసుకుపోయారు. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, సోఫాకు అవతలి చివర పట్టుకోమని నన్ను పిలిచారు. ఇద్దరం కలిసి దాన్ని మూడడుగులు ముందుకు జరిపాము. వెనక ఖాళీ అయిన చోటులో ఇప్పుడు ఆవిడ కుట్టుమిషను పెట్టుకున్నారట.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
తెనాలి, గుంటూరు జిల్లా.